రోహిణి ఎండలో సైలెన్సర్ మీద మంచు: గాలి పంపుతో ఆరేళ్లు

ఒంగోలు కర్నూలు రోడ్డులో మాది హైడ్రాలిక్ హోస్ పైపులు (యంత్రాల్లో ప్రెషర్‌తో నూనె పారే పైపులు) చేసే షాపు. పని ఎక్కువగా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల నుంచే వస్తుంది. ప్రొక్లెయినర్ హోస్ పగిలితే బండి నిలబడిపోతుంది, ఆపరేటర్ పాత పైపు భుజాన వేసుకుని వచ్చి నిలబడతాడు. పైపు కొసకు ఫిట్టింగ్ క్రింప్ చేశాక (నొక్కి బిగించాక) ప్రెషర్ పెట్టి చూడకుండా నేను ఏ హోస్‌నూ బయటకి పంపను. దీనికి మొదట్లో చేతి పంపు ఉండేది. ఆరేళ్లుగా గాలితో నడిచే పంపు వాడుతున్నాను. ఇప్పుడున్నది రెండోది. మొదటిది ఎందుకు తీసేశానో చెబితే కొనేవాళ్లకు డబ్బు మిగులుతుంది.

ఈ పంపులో పెద్ద పిస్టన్‌ను గాలి తోస్తుంది, దానికి బిగించిన సన్నటి ప్లంజర్ నీళ్లను తోస్తుంది. పిస్టన్ వైశాల్యం ప్లంజర్ కంటే ఎన్ని రెట్లుంటే ప్రెషర్ దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది. నేను మొదట కొన్నది 1:100 పంపు. కేటలాగులో 1000 బార్ అని ఉంది, అమ్మినాయన కూడా అదే చెప్పాడు. ఆ లెక్క 10 బార్ గాలికి. మా షెడ్డు కంప్రెసర్ నుంచి రెగ్యులేటర్ దాటి వచ్చేది 6 బార్, అంటే 600. సీళ్ల రాపిడి వల్ల అంత కూడా రాదు. మేం ఎక్కువగా చేసే ఆర్13 రకం హోస్ వర్కింగ్ ప్రెషర్ 345 బార్. ప్రూఫ్ టెస్టు దానికి రెట్టింపు, అంటే సుమారు 690 బార్. గేజ్ ముల్లు 580 దగ్గరకొచ్చి ఆగిపోయేది. పంపు చెడిపోయిందని రెండు వారాలు టెన్షన్ పడ్డాను. దాని తప్పేం లేదు, ఎంపికే తప్పు.

రెండోసారి లెక్క వెనక నుంచి వేసుకున్నాను. ఆర్15 రకం హోస్‌కు 420 బార్, టెస్టుకు 840. నా దగ్గర నమ్మకంగా ఉండే గాలి 6 బార్. కాబట్టి 1:150 తీసుకున్నాను. 700 కావాలంటే గాలిని 4.7 దగ్గర, 840 కావాలంటే 5.6 దగ్గర పెడతాను. రాపిడికి పోయే కాస్తా గేజ్ చూసి సర్దుకుంటాను. ఎప్పుడూ కొంచెం గాలి చేతిలో మిగిలి ఉంటుంది.

నిష్పత్తి పెరిగితే ఒక్కో స్ట్రోక్‌కు వచ్చే నీళ్లు తగ్గుతాయి. పని నెమ్మదిస్తుందని చాలామంది భయపడి వెనక్కి తగ్గుతారు. హోస్‌ను పంపుతోనే నింపాలనుకుంటేనే ఆ ఇబ్బంది. నేనూ మొదట అలాగే నింపాను. ఒక రోహిణి కార్తెలో వరసగా పొడవాటి పైపులు పడ్డాయి. పంపు ఆగకుండా టకటకమని కొడుతోంది, మధ్యాహ్నానికి మందగించింది. "అన్నా, సైలెన్సర్ తెల్లబడింది చూడు" అన్నాడు కుర్రాడు. బయట రేకులు కాలిపోతుంటే, పంపు గాలి బయటకు వదిలే సైలెన్సర్ చుట్టూ గరుకుగా, ఉప్పు పొడిలా మంచు! పంపులోంచి బయటపడే గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడుతుంది, అందులోని తేమ అక్కడే గడ్డకడుతుంది. సముద్రం దగ్గర ఊరు, గాలిలో తేమకు కొదవేముంది?

అప్పటి నుంచి ముందు కుళాయితో హోస్ నింపుతాం. రెండో కొస పైకెత్తి, బుడగలు ఆగేదాకా నీళ్లు వదిలి, అప్పుడు ప్లగ్గు బిగిస్తాం. ఇది భద్రతకు కూడా అవసరం, ఎందుకంటే లోపల గాలి మిగిలితే పైపు తెగినప్పుడు అదే బాంబులా కొడుతుంది. అలా నింపాక పంపుకు మిగిలే పని చాలా తక్కువ. 700 బార్ దగ్గర లీటరు నీళ్లు నొక్కుకునేది సుమారు 30 మిల్లీలీటర్లే, పైపు సాగినందుకు ఇంకాస్త. కొద్ది స్ట్రోక్‌లతో అయిపోతుంది. మంచు మళ్లీ కనబడలేదు.

ఈ పంపు మీద నాకున్న ప్రేమకు కారణం దాని నిశ్శబ్దం. ప్రెషర్ అందగానే తనంతట తానే ఆగుతుంది, ఆగి ఆ ప్రెషర్‌ను పట్టి ఉంచుతుంది. వేడెక్కదు, గాలి తాగదు. హోస్ బాగుంటే షెడ్డంతా నిశ్శబ్దం. ఎక్కడైనా చెమ్మ కారుతుంటే ఇరవై ముప్పై సెకన్లకు ఒక 'టక్'. గేజ్ ముల్లు కదిలిందో లేదో కంటికి తెలియకపోయినా చెవికి తెలుస్తుంది. అప్పుడు ప్రెషర్ వదిలేసి క్రింప్ చూస్తాం. కారే చోటు కోసం చేత్తో తడమకండి. ఆ సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది, పైకి సూది గుచ్చినట్టే కనబడుతుంది, లోపల కండ పాడవుతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మా టెస్టు బల్లకు మందపాటి ఇనప రేకు అడ్డం ఉంది, ప్రెషర్ ఉండగా ఎవరం దాని ముందుకి పోం.

నీళ్ల విషయంలో ఒకసారి దెబ్బతిన్నాను. బోరు నీళ్లు వాడితే, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు సీటు మీద తెల్లటి పొర కట్టి ప్రెషర్ నిలవడం మానేసింది. ఇప్పుడు క్యాన్ నీళ్లలో తుప్పు పట్టనివ్వని మందు కలిపి, అవే తిప్పి వాడుతున్నాం. పంపు నీళ్లకు చేసినదా, నూనెకు చేసినదా అనేది కూడా ఆర్డరులోనే రాయించాలి. నూనె పంపులో నీళ్లు పోస్తే లోపల తుప్పు పడుతుంది.

గాలి లైనును సన్నం చేయకండి. పాత 8 ఎం.ఎం. ట్యూబు తీసి అరంగుళం పైపు వేశాక స్ట్రోక్ వేగంలో తేడా వెంటనే కనబడింది. పంపు ముందు ఫిల్టరు, దానికి ముందు గాలిలోని నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్ పెట్టించాను, కంప్రెసర్ ట్యాంకు నీళ్లు రోజూ పొద్దున్నే వదులుతాం. రెగ్యులేటర్ తర్వాత చిన్న సేఫ్టీ వాల్వు కూడా ఉంది. గాలి హద్దు దాటకపోతే నీళ్ల ప్రెషర్ కూడా దాటదు.

రోజంతా ఆగకుండా నూనె పారాల్సిన ప్రెస్సు పనికైతే ఇది వద్దు. గాలి తయారీకి కరెంటు బాగా ఖర్చవుతుంది, అక్కడ మోటారు పంపే నయం. రెండో పంపుకు ఇప్పటిదాకా ఒక్కసారే గాలి వైపు సీళ్లు మార్చాను, గంటన్నర పని. సీల్ కిట్టు ఇంకొకటి ఇప్పటికే తెప్పించి బీరువాలో పెట్టుకున్నాను. కార్తీకం వానల్లో చెన్నై నుంచి పార్సిల్ ఆలస్యమైతే క్వారీ బండ్లు ఆగవు కదా.