బ్యాటరీ మీద ఉన్నట్టుండి ఆగిపోయిన ల్యాప్‌టాప్: దీర్ఘకాలం వాడిన తరువాత సమీక్ష

బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంట్లో కొన్నేళ్లుగా రోజూ వాడుతున్న ల్యాప్‌టాప్ ఇది. తెర, కీబోర్డు, బరువు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. అయితే రెండో ఏడాది నుంచి, ఛార్జర్ తీసేసి పని చేసుకుంటుంటే, బ్యాటరీ సగానికి పైగా ఉండగానే ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోవడం మొదలుపెట్టింది.

సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మార్చాలన్నారు, ఎస్పీ రోడ్డు దుకాణంలో బ్యాటరీ మార్చమన్నారు. డబ్బు పెట్టేముందు, విండోస్‌లో జరిగేవాటిని నంబర్లతో నమోదు చేసే చిట్టాను చూపే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. వేడి హద్దు దాటడం వల్ల విండోసే ఆపేస్తే అందులో కెర్నల్-పవర్ (కరెంటు సంగతులు నమోదు చేసే విండోస్ భాగం) పేరుతో 86, ఛార్జి అడుగంటితే 524, ఏదైనా ప్రోగ్రామ్ ఆపిస్తే 1074 నమోదు కావాలి. ఇక్కడ ప్రతిసారీ అవేవీ లేవు, ఉన్నది 41 (సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందనే నమోదు), అందులోనూ బగ్‌చెక్ కోడ్ (విండోస్ తానే క్రాష్ అయితే రాసే సంఖ్య) సున్నా; అంటే విండోస్‌కు తెలిసేలోపే కరెంటు తెగిపోయిందన్నమాట. పవర్‌సీఎఫ్‌జీ అనే విండోస్ కమాండ్ ఇచ్చిన బ్యాటరీ నివేదికలో పూర్తి ఛార్జి సామర్థ్యం కొత్తప్పటికి దగ్గరగానే ఉంది కాబట్టి, బ్యాటరీ అరిగిందన్న మాటా నిలవలేదు.

అసలు ఆచూకీ విండోస్ సెట్టింగుల్లోని పవర్ ఆప్షన్స్‌లో దొరికింది. బ్యాటరీ మీద ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి దించితే టర్బో బూస్ట్ (ప్రాసెసర్ కాసేపు మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిచే పద్ధతి) పనిచేయదు. అలా ఉంచినన్నాళ్లూ యంత్రం ఒక్కసారీ ఆగలేదు. టర్బోలో ప్రాసెసర్ క్షణకాలం లాగేంత కరెంటును ఛార్జర్ ఉండగా అందించగలిగినా, బ్యాటరీ ఒక్కటే అందించలేకపోవచ్చు. అందుకే ఛార్జర్ తీసిన మరుక్షణం ప్రాసెసర్ లాగగలిగే కరెంటు పరిమితిని తగ్గించే బాధ్యత బయోస్‌దీ (విండోస్ కంటే ముందే మొదలయ్యే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్), బ్యాటరీ, ఛార్జింగ్ లాంటివి చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిప్‌లోని ఫర్మ్‌వేర్‌దీ. అవి ఆలస్యం చేస్తే వోల్టేజి పడిపోయి అంతా ఆరిపోతుంది.

తయారీదారు సైటులో కొత్త బయోస్ ఉంది. బ్యాటరీ మీద స్థిరత్వం మెరుగుపడిందని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. వేల రూపాయల బోర్డు మార్చమని చెప్పే సర్వీస్ సెంటర్‌కు ఆ వాక్యమైనా చేరకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) అడిగితే ఇవ్వాల్సిన రికవరీ కీ రాసిపెట్టుకుని, బ్యాటరీ నిండా ఉండగా ఛార్జర్ కూడా తగిలించి అప్‌డేట్ చేశాను. మధ్యలో కరెంటు పోతే యంత్రం మళ్లీ లేవకపోవచ్చు, మా వీధిలో వేసవి కోతలు మామూలే.

ఆ తరువాత 100 శాతానికి తిరిగి మార్చినా యంత్రం ఆగలేదు. బ్యాటరీ మీద వీడియో ఎక్స్‌పోర్ట్ మాత్రం మునుపటి కంటే కొంచెం నిదానంగా సాగుతోంది.