మైక్రోబ్రూవరీకి వెళ్ళి విస్కీ తాగకండ్రా బాబూ: హైదరాబాద్ పబ్బుల మీద నా రివ్యూ

గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా ఇప్పుడు కొత్త బిల్డింగ్ ఏది లేచినా పైన ఒక పబ్బు గ్యారంటీ, చాలావాటిల్లో అద్దాల వెనకాల స్టీల్ ట్యాంకులు పెట్టి మైక్రోబ్రూవరీ (అంటే బీరు అక్కడికక్కడే తయారుచేసే చోటు) అని బోర్డు. ఆఫీసు అటువైపే కాబట్టి ఈ మధ్య మా గ్యాంగ్ సిట్టింగులన్నీ ఇలాంటి ఒకదాంట్లోనే అవుతున్నాయి. పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయే కంప్లైంట్లు అదొక్కదానివే కాదు, పక్క బిల్డింగ్‌లో కూర్చున్నా ఇంచుమించు ఇదే కథ.

ముందు మంచి. బీరు బాగుంది, నిజంగా బాగుంది. మనలో చాలామందికి బీరంటే వైన్స్‌లో దొరికే 650 ఎమ్మెల్ స్ట్రాంగ్ సీసానే, చల్లగా ఉండి ఎక్కితే చాలు, రుచి ఎవడడిగాడు. ఇక్కడ ఫిల్టర్ చెయ్యని హెఫెవైజెన్, అదే జర్మన్ గోధుమ బీరు, ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి వస్తే మొదటి గుక్కకే తేడా తెలిసిపోతుంది, మసక మసకగా పసుపు రంగు, పైన దట్టంగా నురగ, మూతి దగ్గర పెట్టుకోగానే అరటిపండు వాసన, దాని వెనకాల కొంచెం లవంగం. మావాడొకడు ఇందులో ఎసెన్స్ కలిపారని వెయిటర్‌తో వాదన పెట్టుకున్నాడు, ఎసెన్స్ కాదురా నాయనా ఆ ఈస్ట్ గుణమే అంత, పులిసేటప్పుడు అదే ఆ వాసన పుట్టిస్తుంది అంటే నమ్మలేదు, నమ్మకుండానే ఇంకో మగ్గు చెప్పాడు. బెల్జియన్ విట్ అనే ఇంకో గోధుమ బీరులో మాత్రం ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు, ఎండాకాలం సాయంత్రం కారం కారంగా ఏదన్నా తింటూ తాగితే దానికి సాటి లేదు. స్టౌట్ నల్లగా, కాఫీ వాసనతో ఉంటుంది, బార్లీని మాడే దాకా వేయించడం వల్ల వచ్చేదే అది. ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) చేదుగా ఉంటుందని విన్నవాళ్ళు ఎక్కువ తాగినవాళ్ళు తక్కువ, మెనూలో ఎప్పుడూ ఉంటుంది, అడిగితే "ఈరోజు లేదు సార్". ఒక చిట్కా, మగ్గు చెప్పే ముందు టేస్టర్ అడగండి, చిన్న గ్లాసుల్లో రెండు మూడు రకాలు తెచ్చిస్తారు, చాలాచోట్ల డబ్బులు కూడా తీసుకోరు, మొహమాటపడే పనే లేదు.

ఇంత మంచి బీరు పెట్టుకుని పక్క టేబుల్ వాళ్ళు ఏం తాగుతున్నారయ్యా అంటే విస్కీ. వైన్స్‌లో ఎమ్మార్పీకి దొరికే అదే బ్రాండు, అదే సీసా. 180 ఎమ్మెల్ క్వార్టర్ అంటే ఆరు చిన్న పెగ్గులు, కానీ పబ్బులో ఒకటి రెండు చిన్న పెగ్గులకి కట్టే డబ్బుతో బయట మొత్తం క్వార్టర్ వచ్చేస్తుంది. మిగతాదంతా కుర్చీకి, ఏసీకి, డీజేకి. పైగా ఆ 30 ఎమ్మెల్ కూడా 30 ఉందో లేదో దేవుడికెరుక, కౌంటర్ వెనకాల చీకట్లో పోసి ఐస్ నింపి తెస్తారు, కొలత ముందు పొయ్యమని అడిగితే మొహం మాడ్చుకుంటారు. కాక్‌టెయిల్స్ సంగతైతే చెప్పక్కర్లేదు, షుగర్ సిరప్, ఐస్, పుదీనా ఆకు, అడుగున ఎక్కడో వోడ్కా ఉందన్న నమ్మకం. ఆ ఒక్క చోట తప్ప ఎక్కడా దొరకనిది ట్యాంకులో బీరు ఒక్కటే, దానికి డబ్బులు పెట్టినందుకు నాకెప్పుడూ బాధ లేదు.

హ్యాపీ అవర్స్ వన్ ప్లస్ వన్ అని ఊరిస్తారు కదా, అందులో ఒక కిటుకు ఉంది, రెండు గ్లాసులూ ఒకేసారి తెచ్చి ముందు పెట్టేస్తారు. ఒకటి తాగేసరికి రెండోది గ్యాస్ పోయి, వేడెక్కి, నురగ చచ్చి ఉంటుంది. రెండోది తర్వాత తెండి అని ముందే గట్టిగా చెప్పాలి, లేదంటే టేబుల్‌కి ఇద్దరు పంచుకోవాలి.

సౌండు. తొమ్మిది దాటిందంటే పక్కనున్నవాడి చెవిలో నోరు పెట్టి అరవాలి, ప్రమోషన్ వచ్చిందని పార్టీ ఇచ్చినవాడు ఏ కంపెనీకి మారాడో ఇంటికెళ్ళాక వాట్సాప్‌లో అడిగి తెలుసుకున్నాం. జూబ్లీహిల్స్‌లో ఇళ్ళ మధ్య ఉన్న పబ్బుల గోల మీద జనం కోర్టుకెళ్తే 2022లో హైకోర్టు రాత్రి పది తర్వాత సౌండ్ పెట్టొద్దని చెప్పింది, బయట పడుకునేవాళ్ళకి ఆ మాత్రం దిక్కుంది, లోపల డబ్బులిచ్చి కూర్చున్న మన చెవులకి ఎవరూ లేరు. శనివారమైతే ఇంకో తలనొప్పి, నలుగురం మగవాళ్ళమే వెళ్తే గేటు దగ్గరే "సార్ స్టాగ్స్‌కి ఎంట్రీ లేదు", ఉన్నా లోపలికెళ్ళడానికే కవర్ చార్జ్.

బిల్లు దగ్గర మాత్రం కొంచెం ఓపిగ్గా చదవండి. మందు బిల్లు వేరు, ఫుడ్ బిల్లు వేరు వస్తాయి, మందుకి జీఎస్టీ లేదు కాబట్టి వ్యాట్, ఫుడ్‌కి జీఎస్టీ, అక్కడిదాకా ఓకే. కింద చిన్న అక్షరాల్లో సర్వీస్ చార్జ్ 10 శాతం అని వేసి దాని మీద మళ్ళీ ట్యాక్స్ వేస్తారు చూడండి, మాకు కోపం వచ్చింది అక్కడ. అడగకుండా బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే చెప్పింది, హోటళ్ళవాళ్ళు కోర్టుకెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. తీసెయ్యమంటే మేనేజర్ వచ్చి అది స్టాఫ్‌కే వెళ్తుంది సార్ అని ఎమోషనల్‌గా మాట్లాడాడు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేస్తామంటే రెండు నిమిషాల్లో కొత్త బిల్లు. టిప్పు మేం వెయిటర్ చేతికే ఇచ్చాం, అతను నిజంగా బాగా చూసుకున్నాడు. వాటర్ బాటిల్ విషయంలో మాత్రం గొడవ పడకండి, హోటళ్ళు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పేసింది, కూర్చోగానే రెగ్యులర్ వాటర్ అనండి అంతే.

ఇదంతా విని పబ్బులు వేస్ట్ అంటున్నానని అనుకోకండి, విస్కీకి మాత్రం వేరే చోటుంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు చదువుకునే రోజుల నుంచీ మేం వెళ్ళే ఒక పాత బారు ఉంది. కూర్చున్న నిమిషానికి గుడాలు, పల్లీలు, కీరా ముక్కలు ఫ్రీగా వచ్చేస్తాయి, అయిపోతే అడగకుండానే మళ్ళీ. చికెన్ మెజెస్టిక్, అపోలో ఫిష్ వేడి వేడిగా, పబ్బులో గుంటూరు కారం చల్లిన నాచోస్‌కి పెట్టే డబ్బుతో ఇక్కడ ఇద్దరికి స్టఫ్ అయిపోతుంది. క్వార్టర్ చెప్తే సీసా టేబుల్ దగ్గరికే తెచ్చి సీల్ మన ముందే తీస్తారు, పెగ్గు పెగ్గుగా చెప్పకుండా అలా తీసుకోవడమే మంచిది, లోపల బ్రాండ్ మార్చి పోశారన్న డౌటే ఉండదు. విస్కీకి నా ఓటు కళ్ళు మూసుకుని ఇక్కడికే.

కానీ మా టీమ్‌లో అమ్మాయిలని ఆ బారుకి తీసుకెళ్ళగలమా? గుడ్డి లైట్లు, సిగరెట్ కంపు, ఆ బాత్రూమ్ సంగతి రాయడానికి కూడా మనసొప్పట్లేదు, లోపలికి ఒక ఆడమనిషి అడుగుపెడితే టేబుళ్ళన్నీ తలలు తిప్పి చూస్తాయి. వైన్స్ పక్కన పర్మిట్ రూమ్ అయితే ఆలోచనే వద్దు. మా కొలీగ్ ఒకావిడ అన్నది, నేను పబ్బులో ఇచ్చే డబ్బు మీలా బీరుకి కాదు, రెండు గంటలు ఎవడూ తేరిపార చూడకుండా కూర్చోనిచ్చినందుకు అని. నేను పబ్బు రేట్ల మీద ఎంత ఏడ్చినా ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. లేడీస్ నైట్ ఫ్రీ కాక్‌టెయిల్స్ మాత్రం ఆవిడ కూడా ముట్టుకోదు, పైన చెప్పిన షుగర్ సిరప్ బాపతే.

బండి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి. 100 ఎమ్మెల్ రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, ఒక పెద్ద మగ్గుకే దాటిపోవచ్చు, మొదటిసారికే 10,000 రూపాయల దాకా ఫైన్, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. వాలే పార్కింగ్ ఉంది కదా అని కారులో వచ్చి, పదకొండింటికి డ్రైవర్ కోసం యాప్‌లో వెతుక్కుంటూ కింద నిలబడేవాళ్ళని రోజూ చూస్తాం.

నా లెక్క ప్రకారం మంగళవారమో బుధవారమో సాయంత్రం అయిదున్నరకి వెళ్ళండి, ఖాళీగా ఉంటుంది, డీజే ఇంకా రాడు, వెయిటర్‌కి ఈరోజు ఏ ట్యాంకు ఫ్రెష్‌గా ఉందో చెప్పే తీరిక ఉంటుంది. ఒక విట్, ఒక హెఫెవైజెన్, తినడానికి ఏదో ఒకటి, ఎనిమిదిన్నరకల్లా లేచి రాయదుర్గంలో మెట్రో ఎక్కెయ్యొచ్చు. శనివారం ప్లాన్ అయితే నన్ను గ్రూపులో ట్యాగ్ చెయ్యకండి.