కోనోవీడర్: సాళ్ళలో నాటినవాళ్ళు కొనండి, వెదజల్లినవాళ్ళకి వద్దు

వరిలో కలుపు తీయడానికి చేత్తో తోసే కోనోవీడర్ ఈ సార్వాలో వాడాను. నాటిన 10-12 రోజులకి మొదటిసారి, ఆ తర్వాత పది రోజులకోసారి దింపితే ఇది చాలా మంచి పనిముట్టు. కలుపు ముదిరాక దింపితే డబ్బులు దండగ.

అసలు తొందర ఎందుకంటే ఊద అనే కలుపు గడ్డి. లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది, అలవాటున్న కూలీలు కూడా వదిలేస్తారు (ఆకు కాడని కలిసే చోట వరికి పల్చటి తెల్లని పొర ఉంటుంది, ఊదకి ఉండదు, అక్కడ చూసి పీకండి). ఇది మొక్కజొన్న, జొన్నల తరహా సి4 మొక్క (ఎండ, వేడిలో ఆహారం బాగా తయారుచేసుకునే రకం), వరేమో సి3 (ఆ వేడిలో అంత జోరు లేని రకం), కాబట్టి ఎండ, వేడి ఎక్కువైతే వరి కంటే జోరుగా ఎదిగి నీడ కమ్మేస్తుంది, మనం చల్లిన యూరియాలో పెద్ద వాటా అదే లాగేసుకుంటుంది. నాటిన మొదటి నెలలో వరి వెనకబడిందా, పిలకలు తగ్గిపోతాయి. తర్వాత ఎంత శుభ్రంగా కలుపు తీసినా ఆ నష్టం పూడదు.

ముందు ఒక రేకు, దాని వెనక పళ్ళున్న రెండు శంఖు ఆకారపు డ్రమ్ములు, అంతే ఈ వీడర్. ఇది నడిచేది సాళ్ళ మధ్యే, వెదజల్లిన చేలో దీనికి దారి ఉండదు. ముందుకీ వెనక్కీ ఆడిస్తూ పోతే లేత కలుపుని పెకిలించి బురదలో తొక్కేస్తుంది, అది అక్కడే కుళ్ళి, తిన్నదంతా మళ్ళీ వరికే ఇస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే. పైగా బురద కదిలి వేళ్ళకి గాలి తగులుతుంది. చేలో పలచగా నీళ్ళుండాలి, ఆరిన మడిలో కదలదు. శ్రీ పద్ధతిలో (లేత నారుని దూరం దూరంగా నాటే వరి సాగు) 25 సెంటీమీటర్ల ఎడంతో ఒక్కో మొక్కే నాటితే నిలువుగా, అడ్డంగా రెండు వైపులా తోయొచ్చు, వరికి వరితోనే ఉండే పోటీ కూడా తగ్గుతుంది.

దుబ్బుని ఆనుకుని మొలిచిన ఊదని మాత్రం ఇది ముట్టుకోలేదు, అక్కడ చెయ్యి పెట్టాల్సిందే. తుంగ అనే కలుపు గడ్డ నేల లోపల మిగిలితే మళ్ళీ లేస్తుంది. జిగట నేలలో భుజాలు పట్టేస్తాయి, ఇద్దరు మారుతూ తోస్తే నయం. నాకొచ్చిన దానికి ఒక డ్రమ్ము సరిగ్గా తిరగలేదు, వెల్డింగ్ షాపులో సరిచేయించాను. అందుకే కొనేముందు రెండు డ్రమ్ములూ చేత్తో తిప్పి చూడండి, పిడి ఎత్తు మార్చుకునే వీలున్నదే తీసుకోండి.