ముప్పై మందికి ఎనిమిది ట్యాబులు: మూడేళ్ల వాడకం తర్వాత

ప్రాథమిక బడిలో మూడు, నాలుగు తరగతులకు ఎనిమిది అంగుళాల ట్యాబులు ఎనిమిది. 3 జీబీ ర్యామ్, 32 జీబీ మెమరీ. పిల్లల పనికి ఈ వేగం సరిపోతుంది. చాలనిది మెమరీయే. సిస్టమ్, యాప్‌లు పోగా వీడియోలకు చోటుండదు, అందుకే 64 జీబీ కార్డు మొదటిరోజే వేసుకోవాలి.

బాగా అక్కరకొచ్చింది పైకి చదివించడానికి. ముప్పై మంది చేత తలా ఒక నిమిషం చదివించినా పీరియడు అయిపోతుంది. చదువు నేర్పే యాప్ తెరిస్తే ట్యాబులో వాక్యం కనిపిస్తుంది, పిల్ల చదువుతుంది, యాప్ అది విని తప్పిన మాటను చూపిస్తుంది. గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర ఆగిపోయినవాళ్లకు ఇది నిజంగా మేలు చేస్తుంది. నలుగురిలో నోరు విప్పనివాళ్లు కూడా దాని ముందు బెరుకు లేకుండా చదువుతారు.

అయితే యాప్ చెవిని పూర్తిగా నమ్మకూడదు. ‘పాఠం’ను ‘పాటం’ అన్నా, ‘కళ’ను ‘కల’ అన్నా ఒప్పు వేసేస్తుంది. విన్నదాన్ని తనకు తెలిసిన దగ్గరి మాటతో సరిపెట్టుకోవడమే దాని పద్ధతి. ఉచ్చారణ దిద్దాల్సింది టీచరే. వారానికి ఒక్కసారైనా ప్రతి పిల్ల చదువూ స్వయంగా వినాలి.

ఎనిమిది మందీ ఒకే గదిలో చదివితే పక్కవాళ్ల గొంతు మైకులో పడి అంతా తప్పుల తడక అవుతుంది. నలుగురిని వరండాలో, నలుగురిని గది మూలల్లో కూర్చోబెట్టి, మైకున్న వైరు హెడ్‌ఫోన్లు ఇస్తే నయం. ఒక పిన్నును ఇద్దరికి పంచే స్ప్లిటర్ వినడానికే పనికొస్తుంది, మైకుకు కాదు.

రాతకు మాత్రం ట్యాబు వద్దు. నునుపైన గాజు మీద వేలితో ‘ఝ’ దిద్దిన పిల్లకు పెన్సిలు పట్టు రాదు. చాలా యాప్‌లు గీతను ఎటునుంచి లాగినా శభాష్ అంటాయి. పలక, నోటుపుస్తకం ఉండాల్సిందే.

పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లను 2017లో మొదలైన ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాతో తెరవొచ్చు. అచ్చు చెదిరి స్కాన్ కాకపోతే కోడ్ కింద ఉండే ఆరు అక్షరాలను టైప్ చేస్తే చాలు. వీడియోలు ముందురోజు సాయంత్రమే దించి ఉంచుకోవాలి. ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ తీసేయడం మర్చిపోవద్దు. లేకపోతే ఎనిమిదీ ఒకేసారి మొదలుపెట్టి ఫోన్ హాట్‌స్పాట్ డేటా అంతా తినేస్తాయి.

పిల్లలు వేరే యాప్‌లోకి జారిపోకుండా సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీలో యాప్ పిన్నింగ్ ఆన్ చేయాలి. విప్పడానికి పిన్ నంబరు అడిగేలా కూడా పెట్టాలి. అది లేకపోతే బ్యాక్, రీసెంట్ బటన్లు కలిపి నొక్కి పట్టుకుంటే విడిపోతుందని వారంలో కనిపెట్టేస్తారు!

పంచడానికి, తిరిగి తీసుకోవడానికి పది నిమిషాలు పోతాయి. ట్యాబు వెనక అంకె అంటించి, ఒక్కో అంకెను నలుగురు పిల్లలకు కేటాయిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఏది ఎవరి చేతిలో పాడైందో కూడా తెలుస్తుంది. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు చాలు, ఆపైన వేళ్లు ఊరికే తెర మీద తిరుగుతాయి.

ఎక్కువగా పాడయ్యేది ఛార్జింగ్ రంధ్రం. పిల్లలు పిన్నును వంకరగా గుచ్చుతారు, పైగా సుద్దపొడి లోపల గట్టిపడుతుంది. ఛార్జింగ్ పెట్టడం పెద్దవాళ్లే చేయాలి. ట్యాబు ఆపేసి, చెక్క టూత్‌పిక్‌తో పొడిని మెల్లగా గీకితే సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి, సూది మాత్రం పెట్టొద్దు. ఎనిమిదింటినీ ఒక చవక హబ్‌కు (ఒకే ప్లగ్గు నుంచి చాలా వైర్లకు కరెంటు పంచే పెట్టె) తగిలిస్తే కరెంటు పంచుకుని, రాత్రంతా ఉంచినా నిండవు. ఒక్కోదానికి 2 యాంపియర్ల అడాప్టరు వేరుగా ఉండాలి.

వేసవి సెలవులకు ముందు 50 శాతం ఛార్జితో స్విచాఫ్ చేసి, రేకుల గదిలో కాకుండా చల్లగా ఉండే బీరువాలో పెట్టాలి. నెలకోసారి తీసి మళ్లీ సగానికి ఎక్కించాలి. సున్నాలో వదిలేస్తే జూన్‌లో కొన్ని ఎంతకీ ఆన్ కావు. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ పెట్టకుండా, పిల్లల చేతికి ఇవ్వకుండా వెంటనే పక్కన పెట్టేయాలి.