ప్యాచ్‌బేనా, రిమోట్ ఉన్న ఇన్సర్ట్ స్విచ్చరా?

పాటను ధ్వని దిద్దే పరికరాల (ఇన్సర్టుల) గుండా పంపడానికి రెండు దారులు: తీగలు చేత్తో గుచ్చి కలిపే పలక ప్యాచ్‌బే; మీట నొక్కితే వాటిని కలిపే, తప్పించే పెట్టె ఇన్సర్ట్ స్విచ్చరు. పరికరాలు రెండే ఉండి, వాటి వరస ఎప్పుడూ మార్చనివారికి ప్యాచ్‌బే చాలు, చవక కూడా. మిగతా మాస్టరింగ్ (పాటకు తుదిమెరుగులు దిద్దే) పనికి నా ఓటు స్విచ్చరుకే.

ఈక్వలైజరు (స్వరస్థాయుల పాళ్లు సరిచేసేది) ముందా, కంప్రెసరు (హెచ్చుతగ్గులను అదుపు చేసేది) ముందా అని తేల్చుకోవాలంటే ప్యాచ్‌బేలో మూడు జోడింపులు, స్టీరియో కనుక ఆరు తీగలు పీకి మళ్లీ గుచ్చాలి. ఆలోగా ముందు విన్న ధ్వని చెవిలోంచి జారిపోతుంది. వరస మార్చే సౌకర్యమున్న, రిలేలతో (విద్యుత్తుతో కదిలే స్విచ్‌లతో) నడిచే స్విచ్చరులో అది ఒక్క మీట పని. రిమోట్ తీగలో పాట ప్రవహించదు, రిలేలకు ఆజ్ఞ మాత్రమే వెళ్తుంది. అందుకే పెట్టెను ర్యాక్‌లో ఉంచి, మీటలను స్పీకర్ల ఎదుట కుర్చీ దగ్గర పెట్టుకోవచ్చు. అయితే స్థాయిలు సమం చేశాకే పోల్చాలి; అర డెసిబెల్ ఎక్కువైనా అదే బాగున్నట్టు అనిపిస్తుంది.

వైరింగ్ తిప్పలు మాత్రం రెండింటికీ ఒకటే. మూడు పిన్నుల ఆడియో కనెక్టరైన ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1వ పిన్ను షీల్డు (తీగ చుట్టూ ఉండే రక్షణ తొడుగు), 2 ప్లస్, 3 మైనస్. ఒకసారి ఒక పరికరం నుంచి కుడి ఛానెల్ తిరిగొచ్చే తీగలో (రిటర్న్‌లో) 2, 3 తారుమారుగా టంకం వేశాను. స్టీరియోలో ఏదో వెలితి. రెండు ఛానెళ్లనూ కలిపే మోనో మీట నొక్కగానే, అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుని గాయని గొంతు మాయం! ఇన్సర్టులను ఒక్కొక్కటిగా బైపాస్ చేస్తూ (దారి నుంచి తప్పిస్తూ) పోతే, మూడో మీట దగ్గర ఆమె తిరిగి వచ్చింది.