లాన్‌కు పాప్-అప్ స్ప్రింక్లర్: నాజిల్ కన్నా ముందు బాడీని చూడాలి

పాప్-అప్ స్ప్రింక్లర్ నేలలో పాతి ఉండి, నీరు వదిలినప్పుడు పైకి లేచి, నాజిల్ అనే మూతి గుండా చిమ్ముతుంది. పచ్చికకు నీరు పెట్టడానికి స్ప్రే నాజిల్ మేలా, తిరిగే రోటరీ నాజిల్ మేలా అని అడిగేవారు తరచూ తారసపడుతుంటారు. రెండింటికీ తగిన చోట్లు ఉన్నాయి, నా మొగ్గు ఎటువైపో దాచను కూడా. అయితే ఆ ప్రశ్నలో నాజిల్‌ను మోసే బాడీ, అంటే నేలలో పాతే గొట్టంలాంటి భాగం, ఊసే రాదు. నీటి ఆదాకైనా, మన్నికకైనా మొదట చూడవలసింది దాన్నే అని నా అభిప్రాయం.

ముందు నాజిళ్ల సంగతి. స్థిరమైన స్ప్రే నాజిల్ తన పరిధి అంతటా నీటిని ఒకేసారి విసనకర్రలా పరుస్తుంది; అది నీరిచ్చే వేగం గంటకు సుమారు 40 మిల్లీమీటర్లు. రోటరీ నాజిల్ నీటిని కొన్ని సన్నని ధారలుగా విడగొట్టి నెమ్మదిగా తిప్పుతుంది కాబట్టి ఆ వేగం గంటకు 10 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. బంకనేల గంటకు కొద్ది మిల్లీమీటర్ల నీటిని మాత్రమే ఇంకించుకోగలదు. అలాంటి నేలమీద, అందులోనూ వాలులో, స్ప్రే నాజిల్ నడిస్తే కొద్ది నిమిషాలకే నీరు అంచు దాటి కాలిబాట మీదికి పారుతుంది. పైగా రోటరీ ధారల్లోని చుక్కలు పెద్దవి కావడం వల్ల గాలికి అంతగా కొట్టుకుపోవు. అందుకే నేల గట్టిదైనా, చోటు గాలికి ఎదురుగా ఉన్నా రోటరీయే తీసుకోమంటాను. ఇసుకనేలలోనూ, రెండు మూడు మీటర్ల వెడల్పున్న సన్నని పట్టీల్లోనూ స్ప్రే నాజిల్ చక్కగా సరిపోతుంది. చవక, విప్పి శుభ్రం చేయడమూ తేలిక.

రోటరీ నాజిల్ బిగించినంత మాత్రాన నీరు ఆదా అయిపోదు. స్ప్రే నాజిల్ పావుగంటలో ఇచ్చే 10 మిల్లీమీటర్ల నీటిని ఇవ్వడానికి దానికి గంట పడుతుంది కాబట్టి, టైమర్‌ను పాత లెక్కలోనే ఉంచితే గడ్డి ఎండిపోతుంది. ఒకే వాల్వ్ కింద రెండు రకాలనూ కలిపితే ఒక మూల బురద, మరో మూల ఎండు గడ్డి తప్పవు.

ఇక అసలు విషయం ఒత్తిడి. స్ప్రే నాజిళ్లను సాధారణంగా 2.1 బార్ దగ్గర, రోటరీ నాజిళ్లను 2.8 బార్ దగ్గర బాగా పనిచేసేలా రూపొందిస్తారు. నాజిల్ గుండా పోయే నీరు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది; అంటే 2.1 బార్ చాలిన చోట 4.2 బార్ వస్తే ప్రవాహం సుమారు 41 శాతం ఎక్కువవుతుంది. ఆ అదనపు నీరు గడ్డికి చేరితే కొంత నయమే, కానీ ఒత్తిడి మితిమీరినప్పుడు చుక్కలు చితికి, నాజిల్ చుట్టూ తెల్లని పొగలా లేచి, గాలిలోనే పోతాయి. ఆ పొగ కనిపిస్తున్న చోట ఏ నాజిల్ మార్చినా ఫలితం సగమే. దీనికి మందు బాడీలోనే ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ ఉన్న రకం: లైనులో ఒత్తిడి ఎంత పెరిగినా నాజిల్‌కు నిర్ణీత ఒత్తిడినే అందిస్తుంది, వాల్వ్‌కు దగ్గరగా ఉన్న హెడ్‌కూ (బాడీ, నాజిల్ కలిసిన ఒక్కో స్ప్రింక్లర్) చివరి హెడ్‌కూ తేడాను తగ్గిస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2017లో స్ప్రే స్ప్రింక్లర్ బాడీలకు, నీటిని ఆదా చేసే ఉత్పత్తులకిచ్చే వాటర్‌సెన్స్ ముద్ర ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ప్రధానంగా చూసిన గుణమూ ఇదే. ధర సాదా బాడీ కన్నా ఎక్కువే. నా ఓటు మాత్రం దానికే.

అయితే రెగ్యులేటర్ ఒత్తిడిని తగ్గించగలదే కాని పెంచలేదు. హెడ్లు నడుస్తుండగా గేజ్ పెట్టి చూస్తే రెండు బార్లు కూడా రాని చోట దానిమీద పెట్టే డబ్బు వృథా. ఒక్కో వాల్వ్ కింద హెడ్ల సంఖ్య తగ్గించుకోవడమే అక్కడ దారి. కుళాయి మూసి ఉన్నప్పుడు కొలిచిన ఒత్తిడి ఈ లెక్కకు పనికిరాదు.

బాడీలో నేను చూసే రెండో అంశం చెక్ వాల్వ్, అంటే నీళ్లు ఆపేశాక పైపులోని నీరు హెడ్ గుండా కారిపోకుండా ఆపే మూత. నీళ్లు ఆపేశాక పల్లంలో ఉన్న హెడ్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. అక్కడి నుంచి నీరు కారుతూనే ఉంటే పైనున్న పైపు ఖాళీ అవుతోందన్నమాట. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లున్న పైపు 30 మీటర్ల పొడవున దాదాపు 15 లీటర్లు పడుతుంది. చెక్ వాల్వ్ లేకపోతే నడిపిన ప్రతిసారీ ఆ నీరు అలా పోవలసిందే. సమతల నేలలో దీని అవసరం తక్కువ.

మన్నికను తేల్చేది చాలావరకు పైకి లేచే కాడ చుట్టూ ఉండే సీల్, దాన్ని కిందికి లాగే స్ప్రింగ్. సీల్ కింద ఇసుక రేణువు చిక్కితే కాడ పూర్తిగా దిగదు, పచ్చిక కోసే యంత్రం బ్లేడు దాని తల లేపేస్తుంది. కొనేముందు కాడను చేత్తో పైకి లాగి వదలండి. అది తడబడకుండా, ఒక్క ఊపున లోపలికి పోవాలి. స్ప్రింగ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌దై ఉండాలి, సీల్‌ను బాడీని తవ్వి తీయకుండా పైనుంచే మార్చుకోగలగాలి. కాడ పొడవు మామూలు లాన్‌కు 10 సెంటీమీటర్లు చాలు; గడ్డిని ఎత్తుగా పెంచేవారు 15 తీసుకోవాలి.

ఎనిమిది తొమ్మిది మీటర్లు దాటి నీరు చేరవలసిన పెద్ద మైదానాలకు గేరు రోటార్లు, అంటే లోపలి గేర్లతో తిరుగుతూ నీటి ధారను దూరం విసిరే హెడ్లు, కావాలి. వాటిలో పావు వృత్తం తిరిగేదానికీ పూర్తి వృత్తం తిరిగేదానికీ వేర్వేరు నాజిళ్లు వేయకపోతే మూలల్లో నీరు నాలుగింతలవుతుంది. టకటకమని కొట్టుకుంటూ తిరిగే ఇంపాక్ట్ రకం మురికినీటిని తట్టుకుంటుంది, ఇంటి లాన్‌కు అవసరం లేదు. ఇత్తడి పాప్-అప్‌లు చూపుకు బాగుంటాయి.

బాడీని పైపుకు నేరుగా బిగించకుండా మధ్యలో వంగే గొట్టం ముక్క పెట్టించండి. యంత్రం చక్రం హెడ్ మీదికి ఎక్కినా ఆ బరువు పైపు జాయింటు మీద పడదు. కొన్ని బాడీలకు అడుగున ఒకటి, పక్కన ఒకటి చొప్పున నీరు లోపలికి వచ్చే దారులు, అంటే ఇన్‌లెట్లు, రెండు ఉంటాయి. చెక్ వాల్వ్ అడుగున ఉండే రకాల్లో పక్క ఇన్‌లెట్ వాడితే నీరు దాన్ని తప్పించుకుని పోతుంది కనుక, పల్లంలోని హెడ్లకు అడుగు ఇన్‌లెట్‌నే వాడమని బిగించేవారికి ముందే చెప్పాలి.