కొత్త ఇంటికి డిష్షా, ఫైబరా?

గృహప్రవేశం అయ్యాక టీవీకి డిష్ పెట్టించాలా, ఫైబర్ ఇంటర్నెట్ మీద చూడాలా అన్నది తేలక, రెండింటినీ ఒక వర్షాకాలమంతా పక్కపక్కనే వాడి చూశాము.

డిష్ అందుకునే కేయూ బ్యాండ్ (ఉపగ్రహ టీవీ ప్రసారాలకు వాడే రేడియో తరంగాల శ్రేణి) తరంగాల పొడవు రెండు, మూడు సెంటీమీటర్లే కాబట్టి, కుండపోత వానలో చినుకులు వాటిని చెదరగొట్టి బలహీనపరుస్తాయి. తుపాను వార్తలు తప్పనిసరిగా చూడవలసిన రాత్రే మా తెరపై బొమ్మ ముక్కలుముక్కలై ఆగిపోయింది. పైగా డిష్‌కు ఉపగ్రహం వైపు ఆకాశం అడ్డు లేకుండా కనిపించాలి. పక్కింటి నీళ్ళ ట్యాంకు అడ్డం రావడంతో మా డిష్‌ను డాబా మధ్య నుంచి పిట్టగోడ చివరకు మార్చవలసి వచ్చింది. అయినా నంబరు నొక్కగానే చానెల్ వచ్చే ఆ సౌకర్యం మా అత్తయ్యగారికి ఎంతో నచ్చింది, అది చిన్న విషయం కాదు.

ఫైబర్ వానకు చెక్కుచెదరలేదు. అయితే యాప్‌లో క్రికెట్ చూస్తుంటే, ఎదురింటివారు కేకలు వేసిన అర నిమిషానికి గానీ మా తెరపై వికెట్ పడదు. కరెంటు పోయినప్పుడు టీవీ ఇన్వర్టర్ మీద వెలుగుతూనే ఉన్నా, రౌటర్ ప్లగ్గును ఆ లైనుకు కలపనందువల్ల ప్రసారం నిలిచిపోయింది. ఇల్లు కట్టుకునేవారు వైరింగ్ దశలోనే ఆ పాయింటు అడిగి పెట్టించుకోవాలి.

చివరకు ఫైబర్‌నే ప్రధానంగా ఉంచుకుని, అత్తయ్యగారి గదిలోని టీవీకి మాత్రం ఆవిడ చూసే తెలుగు చానెళ్ళతో చిన్న డీటీహెచ్ ప్యాకేజీ కొనసాగిస్తున్నాము.